మబ్బు పట్టినా పగలు పగలే

మా రోజుల్లో బడి మొత్తానికి కళ్ళజోడు పెట్టుకున్న పిల్లాడు ఒక్కడుంటే గొప్ప. ఇప్పుడు డబ్లిన్‌లో, మా అబ్బాయి ఉండే లూకన్ వైపు, ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా సోఫాలో వరసగా కూర్చున్న పిల్లల ముక్కుల మీద అద్దాలే. పట్టుమని పదేళ్ళుండవు. పలకరిస్తే తలెత్తరు. ఆ అద్దాల్లో టాబ్లెట్ బొమ్మలు ఎగురుతూ కనిపిస్తాయి తప్ప లోపలి కళ్ళు కనిపించవు. రెప్ప వేయడం కూడా మర్చిపోతారు. ఆపైన చలికాలమంతా హీటర్ల పొడిగాలి. కళ్ళు మండక ఏం చేస్తాయి?

"అప్పట్లో పరీక్ష చేసేవాళ్ళు లేరు కాబట్టి తెలియలేదు నాన్నా" అంటాడు మావాడు. ఇక్కడ చేశారు కదా! ఐర్లండ్ బడిపిల్లల్ని పరీక్షించి 2019లో లెక్కలు బయటపెట్టారు. 6, 7 ఏళ్ళవాళ్ళలో హ్రస్వదృష్టి నూటికి ముగ్గురికి, 12, 13 ఏళ్ళవాళ్ళలో నూటికి ఇరవై మందికి. కనుగుడ్డు ఉండాల్సినదానికన్నా పొడుగ్గా సాగితే దూరపు బొమ్మ రెటీనా దాకా రాకుండా ముందే పడుతుంది. ఆరుబయటి వెలుతురు ఆ సాగడాన్ని నెమ్మదింపజేస్తుందనీ, రెటీనాలో ఊరే డోపమైన్ అందుకు కారణం కావచ్చనీ పరిశోధకులు అంటున్నారు. అదే పని కోసం కంట్లో వేసే అట్రోపిన్ చుక్కల మీద డబ్లిన్‌లోనే పరిశోధన జరిగింది. మంచిదే. కానీ వెలుతురుకి డాక్టరు చీటీ అక్కర్లేదుగా.

"బయట ముసురు మావయ్యగారూ, పిల్లకి జలుబు చేస్తుంది" అంటుంది కోడలు. ముసురైతేనేం? లైట్లు వేసిన గదిలో వెలుగు మామూలుగా మూడు నాలుగు వందల లక్స్‌కి మించదు. మబ్బు పట్టిన పగటిపూట కూడా బయట అది వేలల్లో ఉంటుంది. డిసెంబరులో పగలు ఏడున్నర గంటలే, నిజమే. అయినా బడి రెండున్నరకి వదిలితే పొద్దుగుంకేది నాలుగు దాటాకే. ఆ గంటన్నరా కారు వెనకసీట్లోనూ ట్యూషన్‌లోనూ పోతోంది. జూన్‌లో రాత్రి పది దాకా వెలుగుంటే, అప్పుడూ తెరలు దించుకునే కూర్చుంటారు!

మా రోజులన్నీ బంగారమని నేననను. చీకటి పడితే గోడ పట్టుకుని నడిచే రేచీకటి పిల్లలు మా వీధిలోనే ఉండేవాళ్ళు. తోటకూరా మునగాకూ పెరట్లో ఉండి కూడా పిల్లల కంచాల్లో పడేవి కావు. రేచీకటి తగ్గించడానికి 1970లో పసివాళ్ళకి విటమిన్ ఎ మందు పోయడం మొదలుపెట్టారు, దాని వెనక హైదరాబాదు పోషకాహార సంస్థ కృషి ఉంది. ఆ లేమిని పేదరికమూ, తెలియనితనమూ తెచ్చాయి. ఈ చూపు మాంద్యం అన్నీ ఉన్న ఇళ్ళలో పెరుగుతోంది, నా కడుపు మండేది అందుకే.

తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లల్ని రోజుకి రెండు గంటలు ఆరుబయటికి పంపాలని పట్టుబట్టారు. ఏటేటా పెరుగుతూ వచ్చిన చూపుతగ్గిన పిల్లల సంఖ్య ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. మనకి డబ్లిన్‌లోనే ఫీనిక్స్ పార్కు ఉంది, ఏడు వందల హెక్టార్లు, జింకల మందలతో సహా. టిక్కెట్టు లేదు. ఉగాదికీ దసరాకీ హాళ్ళు బుక్ చేసే సంఘాల పెద్దలారా, ఆదివారాలు పిల్లల్ని అక్కడికి తోలుకెళ్ళండి. వానకోట్లు అందరిళ్ళలోనూ ఉన్నాయి.