అన్నమయ్య ఒడంబడిక

ఐక్యరాజ్యసమితి పెద్దలు అర్జెంటుగా మదనపల్లె బస్సు ఎక్కాలి. 1974లో చీలిన సైప్రస్‌ను వాళ్లు ఇంతవరకూ అతికించలేకపోయారు. మన మంత్రివర్గం మాత్రం 2025 డిసెంబరు నెలాఖరున ఒక్క సమావేశంలో అన్నమయ్య జిల్లా తగువు తెంచేసింది. జిల్లా కేంద్రం రాయచోటి నుంచి మదనపల్లెకు, రాజంపేట కడపకు, రైల్వేకోడూరు తిరుపతికి. పేరు మాత్రం అన్నమయ్యదే. ఆయన పుట్టిన తాళ్లపాక రాజంపేటతో పాటు కడప జిల్లాకు పోయింది. ఆఫీసు ఒకరికి, కవి ఇంకొకరికి, రాయచోటికి ఖాళీ గదులు!

ఈ సూత్రం చాలు, ఫాక్‌లాండ్స్ గొడవ రేపే ముగుస్తుంది. దీవులు బ్రిటన్‌కు, మాల్వినాస్ అన్న పేరు అర్జెంటీనాకు, గొర్రెలు రైల్వేకోడూరుకు.

ద్వంద్వ పౌరసత్వం నేర్చుకోవాలంటే మొన్నటిదాకా పుంగనూరు పోవాల్సి వచ్చేది. 2022లో ఎంపీ స్థానాల లెక్కన జిల్లాలు కోశామన్నారు. రాజంపేట ఎంపీకి ఓటేసే పుంగనూరును మాత్రం చిత్తూరులోనే ఉంచారు. ఓటు ఒక రాజ్యానికి, అర్జీ ఇంకో రాజ్యానికి పోయేవి.

శాంతి చర్చలకు కుప్పమే తగిన చోటు. అక్కడివాళ్లకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ వచ్చు, దుబాసీ ఖర్చుండదు. 1989 నుంచి ఎమ్మెల్యే ఒక్కరే, ఇప్పుడు ముఖ్యమంత్రీ ఆయనే. సంతకానికి ఫైలు పైకి పంపే పనీ లేదు. పాలారు నీళ్ల మాట ఎత్తకుంటే సరి, ఎత్తితే తమిళనాడు లేచి కూచుంటుంది.

ఎగతాళి చాలు. 1911 దాకా మదనపల్లె రైతు అర్జీ కడపకు పోయేది. ఆ ఏడు చిత్తూరు జిల్లా పుట్టాక చిత్తూరుకు, 2022 నుంచి రాయచోటికి. ఇప్పుడు కలెక్టరే ఊళ్లోకొచ్చాడు. అడిగి, కొట్లాడి సాధించుకున్నారు, న్యాయమే. కానీ నిన్న మదనపల్లె పడ్డ బాధే ఇవాళ రాయచోటికి అంటగట్టి, దానికి రాజీ అని పేరు పెడితే ఎట్లా?

ఇంకో మాట. 2024 జూలై 21 రాత్రి భూముల దస్త్రాలు కాలింది ఏ దూరపు ఊళ్లోనో కాదు, మదనపల్లె సబ్ కలెక్టరాఫీసులో. ఆఫీసు ఊరి నడుమే ఉంది, అయినా చాలా కాగితాలు మిగల్లేదు. ఆ తర్వాత జనం అర్జీలు పట్టుకుని బారులు తీరారు. ఆఫీసు దగ్గరైతే న్యాయం దగ్గరవుతుందని వాళ్లకు చెప్పే ధైర్యం ఎవరికుంది? జిల్లాలు ఎన్నిసార్లయినా గీసుకోండి. ముందు ఆ రైతు భూమి ఆ రైతుదేనని రాసివ్వండి.