సాయంత్రం ఆరు దాకానే ఈ రేటు

హైదరాబాదులో ఇల్లు కొనడానికి మంచి సమయం ఏదని అడిగి చూడండి. టక్కున జవాబొస్తుంది: ఇప్పుడే. రేట్లు పెరుగుతుంటే "ఇంకా పెరుగుతాయి సార్, ఇప్పుడే తీసుకోండి." పడిపోతే "ఇంత చవగ్గా మళ్లీ దొరకదు సార్, ఇప్పుడే." రెండూ కాక కదలకుండా పడుంటే "మార్కెట్ స్టేబుల్‌గా ఉంది సార్, ఇదే కరెక్ట్ టైము." మన సిద్ధాంతులకైనా మూఢాలూ శూన్యమాసాలూ అడ్డొస్తాయి గానీ రియల్ ఎస్టేట్ పంచాంగంలో దుర్ముహూర్తం లేదు, వర్జ్యం లేదు. ఉన్నదంతా అమృత ఘడియలే.

ఆషాఢంలో మనవాళ్లు ఇంటి బేరాలకు వెనకాడతారు కదా, అందుకని ఆషాఢం ఆఫర్. ఆ తర్వాత శ్రావణం ఆఫర్. దసరాకు ఒకటి, సంక్రాంతికి ఒకటి, ఉగాదికీ అక్షయ తృతీయకూ సరేసరి. రేటు మాత్రం పోయిన పండక్కి చెప్పిందే. మారేది ఫ్లెక్సీ మీద బొమ్మ. వీటన్నిట్లోకీ నాకు బాగా నచ్చింది "జీఎస్టీ లేదు" ఆఫర్. కడుతున్న ఫ్లాటు మీద మామూలుగా 5 శాతం జీఎస్టీ ఉంటుంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఫ్లాటు మీద ప్రభుత్వమే జీఎస్టీ అడగదు. ప్రభుత్వం అడగని పన్నును బిల్డరు గారు మనకోసం పెద్ద మనసు చేసుకుని మాఫీ చేస్తున్నారన్నమాట.

ఆదివారం సైట్ విజిట్ అని ఒక క్రతువుంది. ఇంటి ముందుకే కారొస్తుంది. నానక్‌రాంగూడ దాటేసరికి "ఇది ఐదేళ్ల కింద అంతా రాళ్లేనండీ" అనే పారాయణం మొదలవుతుంది. సైటులో మోడల్ ఫ్లాటు చూపిస్తారు. ఎంత విశాలంగా ఉందో! కాస్త ఆగి ఆ మంచం మీద పడుకుని చూడండి, కాళ్లు బయటికొస్తాయి. గది పెద్దది కాదు, మంచం చిన్నది. బీరువా పెట్టరు, తలుపులు కొన్నిచోట్ల బిగించనే బిగించరు. బయటికొచ్చాక గోడ మీద చార్టు. అందులో సగానికి పైగా గళ్లకు ఎర్ర స్టిక్కర్లు అంటించేసి ఉంటాయి. మీకు నచ్చిన తూర్పు ఫేసింగు ఫ్లాటు ఒక్కటే, మీ అదృష్టం కొద్దీ, తెల్లగా మిగిలి ఉంటుంది. దానికీ "ఇంకో పార్టీ" సిద్ధంగా ఉంటుంది. ఈ ఇంకో పార్టీని ఇంతవరకూ చూసినవాళ్లు లేరు. ఎప్పుడూ దారిలోనే ఉంటారు, ఎప్పుడూ చెక్కుబుక్కుతోనే ఉంటారు.

మనం రేటు తగ్గించమంటాం. సేల్స్ కుర్రాడి మొహం వాడిపోతుంది. "ఎండీ గారితో మాట్లాడి వస్తా సార్" అని లోపలికెళ్తాడు. టీ తాగేంత సేపు ఉంటాడు. తిరిగొచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, చదరపు అడుగుకు వంద తగ్గించామంటాడు. "ఎవరికీ చెప్పకండి. సాయంత్రం ఆరు దాకానే ఈ రేటు." ఆ వంద ఎక్కడికీ పోదు. ఫ్లోర్ రైజు, ఫేసింగు, కార్ పార్కింగు, క్లబ్ హౌసు, కార్పస్ ఫండు అంటూ వేషాలు మార్చుకుని కొటేషన్ రెండో పేజీలో మళ్లీ దర్శనమిస్తుంది. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి తెలంగాణలో ఏడున్నర శాతం దాకా అవుతుందన్న సంగతి మాత్రం ఏ పేజీలోనూ కనిపించదు. కోటి రూపాయల మీద అది ఏడున్నర లక్షలు.

ఇదంతా నవ్వుకుని వదిలేసే రకం. ప్రీ లాంచ్ మాత్రం నవ్వులాట కాదు. భూమి ఇంకా చేతికి రాలేదు, ప్లానుకు అనుమతి లేదు, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ (రెరా) ఇచ్చే నంబరు లేదు. అందుకే చవక! మొత్తం డబ్బు ఒక్కసారే కట్టేస్తే ఇంకా చవక! 2016 నాటి రెరా చట్టం మూడో సెక్షన్ ఏమంటుందంటే, 500 చదరపు మీటర్లో ఎనిమిది ఫ్లాట్లో దాటిన ప్రాజెక్టును రిజిస్టరు చేయకుండా అమ్మకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, అసలు ప్రకటనే ఇవ్వకూడదు. కాబట్టి ప్రకటన ఇవ్వరు. "మన సర్కిల్‌లో వాళ్లకు మాత్రమే" అని చెవిలో చెప్తారు. చట్టానికి భయపడి దాచిన దాన్ని మనం గౌరవమనుకుని మురిసిపోతాం. అమీన్‌పూర్‌లో ఇలా ముందే డబ్బు కట్టించుకున్న ఒక కంపెనీ యజమానిని 2022లో పోలీసులు అరెస్టు చేశారు. డబ్బు కట్టినవాళ్లు స్టేషన్ల చుట్టూ తిరిగారు. వాళ్లందరికీ ఎవరో ఒకరు "ఇదే కరెక్ట్ టైము" అని చెప్పే ఉంటారు.

పిల్లకు సంబంధం చూసేటప్పుడు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు ఆరా తీసే జాతి మనది. అబ్బాయి మేనమామ ఉద్యోగం ఎందుకు మానేశాడో కూడా కనుక్కుంటాం. ముప్పై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించడానికి, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించడానికి మాత్రం మొహమాటం. "బ్యాంకు లోనిస్తోందిగా, అంతా క్లియరే" అని మనమే బిల్డరు తరఫున వకాల్తా పుచ్చుకుంటాం. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక కూలిన ఇళ్లలో బ్యాంకు లోన్లున్నవీ ఉన్నాయి. చెరువు నిండితే నీరు చేరే ఎఫ్‌టీఎల్ హద్దుకు బ్యాంకు మేనేజరు సంతకంతో పనిలేదు.

మరి బేరం ఎప్పుడు పెట్టాలి? రెరా వెబ్‌సైటులో ఆ ప్రాజెక్టు మీ కళ్లతో మీరు చూశాక. కార్పెట్ ఏరియా ఎంతో కాగితం మీద కనిపించాక. లోనెంత వస్తుందో బ్యాంకు రాతపూర్వకంగా చెప్పాక. వర్షాకాలంలో ఒకసారి, రాత్రిపూట ఒకసారి సొంత బండి మీద ఆ వీధికి వెళ్లొచ్చాక. దీనికి వారం పట్టొచ్చు, మూడు నెలలు పట్టొచ్చు. ఈలోగా ఆ ఫ్లాటు పోతే పోనివ్వండి. అమ్ముడుపోని ఫ్లాట్లు ఈ ఊళ్లో బోలెడున్నాయి.

ఇంకొక్క మాట. రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా బిల్డరు మీ దగ్గర పది శాతానికి మించి ఒక్క రూపాయి తీసుకోకూడదు. టోకెన్ ఇచ్చే ముందు "లోను రాకపోయినా, కాగితాల్లో తేడా ఉన్నా టోకెన్ తిరిగిస్తాం" అని రాయించి సంతకం పెట్టించుకోండి. "రాయం" అంటే, ఫోను జేబులో పెట్టుకుని లేచి వచ్చేయండి.