డిక్కీలో పాయింటు

మా చిత్తూరు పడమటి మండలాల్లో వెయ్యడుగులు బోరేసినా పడని నీళ్ళు మా కారు డిక్కీలో అరడుగులోనే పడ్డాయి. రిగ్గు లేదు, కేసింగు పైపు లేదు, గంగమ్మకు మొక్కు లేదు. స్టెప్నీ పెట్టుకునే గుంతలో సగం టైరు మునిగేదాకా తేటగా నిలబడి ఉన్నాయి.

ఆ సంగతి బయటపడింది కూడా వ్యవసాయం వల్లే. ఊరి నుంచి తెచ్చిన చెనిక్కాయల సంచిలోంచి కొన్ని గింజలు జారి పక్క సందుల్లో పడ్డట్టున్నాయి. 2023 డిసెంబరు మొదట్లో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు తిరుపతి మీద, నెల్లూరు మీద కుమ్మరించి పోయింది కదా. ఆ వానలు వెలిశాక ఒకనాడు డిక్కీ తెరిస్తే కార్పెట్టు అంచు వెంబడి పచ్చగా మొలకలు. మా ఆవిడ వంగి చూసింది. "సాళ్ళు బాగా కుదిరినాయి. ఈ-క్రాపులో ఎక్కించుకోండి, పంట నష్టమన్నా వస్తుంది" అని లోపలికి పోయింది.

నీళ్ళు తోడేశాను. తరవాతి వానకు మళ్ళీ ఊరాయి. అలా ఊరిన రోజుల్లోనే కొండకు పోవాల్సి వచ్చింది. అలిపిరి దగ్గర తనిఖీకి డిక్కీ తెరవాలన్నది తెలిసిందే, తిరుమలకు ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు పట్టుకుపోకూడదన్నదీ తెలిసిందే. అక్కడి అబ్బాయి కార్పెట్టు ఎత్తి, టార్చి వేసి, కాసేపు అలాగే నిలబడ్డాడు.

"ఏంది సార్ ఇవి?"

"నీళ్ళు."

"బాటిలు?"

"బాటిలు లేదు. ఉత్త నీళ్ళే."

నిషేధం సీసా మీదే గానీ నీళ్ళ మీద కాదు. అతను న్యాయంగా ఆలోచించి పంపేశాడు.

తిరుమలకు ఎక్కే దారి ఒకటి, దిగే దారి ఒకటి. ఎక్కేది 1974లో వచ్చింది. దిగేది అంతకు ముప్పై ఏళ్ళ ముందటిది, 1944 నాటిది, మలుపులన్నీ దాని దగ్గరే ఉన్నాయి. ఎక్కేటప్పుడు నీళ్ళు బుద్ధిగా వెనక్కి ఒదిగి ఉన్నాయి. దిగేటప్పుడు మాత్రం బ్రేకు తొక్కిన ప్రతిసారీ గుళక్కుమని గట్టు దాటి, కార్పెట్టు కింద పాకి, వెనక సీటు కాళ్ళ దగ్గరికి వచ్చేశాయి. అక్కడ మా అత్త కూర్చుని ఉంది. పాదాలు తడిసేసరికి, కూతురు పాపవినాశనంలో పట్టిన తీర్థం ఒలికిందనుకుని, వంగి, వేళ్ళు ముంచి, తల మీద చల్లుకుంది. నా తల మీద కూడా చల్లింది. నేను స్టీరింగు వదలకుండా తల వంచాను. ఆ వయసులో ఆమె నమ్మకాన్ని చెడగొట్టడం నాకిష్టం లేదు.

దాంతో వచ్చిన చిక్కేమిటంటే, ముందువైపు తడి చూసినవాళ్ళందరూ లీకు ముందే ఉందన్నారు. ఏసీ నీళ్ళు పోయే పైపు మూసుకుపోయి ఉంటుందని ఒకరు, ముందద్దం చుట్టూ గమ్ము విడిచిందని ఒకరు. బోరుకు పాయింటు పెట్టడంలోనూ, కారు లీకు కనుక్కోవడంలోనూ మన జిల్లాలో నిపుణుడు కానివాడు లేడు. ఆఫీసులో అటెండరు నుంచి సూపరింటెండెంటు దాకా అందరూ వచ్చి డిక్కీలో తల దూర్చి, వాసన చూసి, ముక్కు మూసుకుని అభిప్రాయం చెప్పేవాళ్ళే. తడిసిన కార్పెట్టు కింద పీచు ఎంత నీళ్ళు తాగుతుందో, ఎంత మొండిగా ఆరనంటుందో, ఆ వాసన ఎన్నాళ్ళు చొక్కాను వదలదో అనుభవించినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

మొదట ఒక పెద్ద సర్వీసు సెంటరుకు ఇచ్చాను. డిక్కీ మూత చుట్టూ ఉండే రబ్బరు బీడింగు మార్చి, మీద నీళ్ళు కొట్టి చూశామని బిల్లులో అచ్చేసి ఇచ్చారు. ఆ వారమే వాన పడింది, గుంత నిండింది. ఫోను చేస్తే, మీరే లోపల ఏదైనా ఒలకబోసుకుని ఉంటారన్నారు. తరవాత బండి రోడ్డు పక్కన ఒక సిలికాన్ గన్ను చేతికి చిక్కింది. గన్ను అంటే ఆ మనిషే. వేరు చేసి చెప్పలేం. డేంజరు లైట్ల చుట్టూ, నంబరు ప్లేటు లైటు చుట్టూ, మూత కీళ్ళ దగ్గర, కనబడిన ప్రతి సందులో తెల్లగా పిండేశాడు. తాళం కన్నం ఒక్కటి వదిలాడు, అదీ నేను అడ్డం నిలబడితే. అద్దాలకు వాడే చౌకరకం సిలికాన్ ఆరేటప్పుడు వినెగర్ వాసన వస్తుంది, అది ఆమ్లం. రేకు మీద పడితే నీళ్ళను ఆపే మాటెలా ఉన్నా తుప్పును మాత్రం పిలుచుకొస్తుంది. బండికి వాడాల్సింది అది కాదు.

నిజానికి డిక్కీలోకి నీళ్ళు వచ్చే దారులు మరీ ఎక్కువేం లేవు. బీడింగు నలిగిపోవచ్చు. డేంజరు లైటు వెనక ఉండే స్పాంజి గాస్కెట్టు ఎండి పెళుసెక్కిపోవచ్చు. మన ఎండలకు అదే ముందు పోతుంది. టాపు మీద రేకులు అతికే గాడిలో పూసిన మందు పగలొచ్చు. యాంటెన్నా మొదలు, మూడో బ్రేకు లైటు, వైర్లు దూరే రబ్బరు బుడిపెలు. అప్పటికి నాకు తెలిసినవి ఇంతే. అయితే ఇందులో దేనిలోంచి దూరినా నీళ్ళు తిన్నగా కింద పడవు. రేకు అంచు పట్టుకుని, వైరు వెంబడి జారి, ఇంకో చోట చుక్కగా తేలి, ఆఖరికి అన్నీ స్టెప్నీ గుంతకే చేరతాయి. నీరు పల్లమెరుగు నిజము దేవుడెరుగు అన్న పెద్దాయన కారు కొనకుండానే ఈ మాట ఎలా అన్నాడో!

సంక్రాంతికి మా మేనమామ ఊరి నుంచి వచ్చాడు. ఐరాల దగ్గర పల్లె. అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా నడిచి, అది నిక్కి నిలబడిన చోట బోరు వేయమంటాడు. ఆయన పెట్టిన పాయింట్లలో నీళ్ళు పడినవాటి గురించి ఆయన చెబుతాడు, పడనివాటి గురించి ఊరు చెబుతుంది. నేను సర్వీసు సెంటరు కథ చెబితే విని, "నీళ్ళు కొట్టి చూసినామని కాణిపాకంలో ప్రమాణం చేస్తారంటనా?" అన్నాడు. బావి నీళ్ళలో వెలసిన ఆ వినాయకుడి ముందు అబద్ధం చెప్పడానికి మా వైపు ఎంతటివాడికైనా గుండె చాలదు. ఇంత చిన్న బిల్లుకు ఆయన్ని లేపడం ఎందుకని నేనే వద్దన్నాను.

మా ఆవిడ మర్యాదగా టెంకాయ తెచ్చిచ్చింది. "ఇదో పెదనాయనా, చూడండి."

మామ దాన్ని పక్కన పెట్టేశాడు. "నీళ్ళు యాడుండాయో టెంకాయ చెప్తాది పాపా. ఈడుండాయని నా కంటికే కనపడతా ఉండాయి గదా. యాడ నుంచి వచ్చినాయంటే దానికేం తెలుసు?"

అన్నాళ్ళుగా కారు చుట్టూ తిరిగిన మెకానిక్కులలో ఈ తేడా పట్టినవాడు లేడు. మామకు ఆ జ్ఞానం రాయలచెరువు దగ్గర అబ్బింది. 2021 నవంబరు వానలకు ఆ చెరువు కట్టకు లీకు పడి, కింద పల్లెలు ఖాళీ చేయించారు. ఆయన వియ్యంకుడి వాళ్ళు ఆ పక్కవాళ్ళే. "కట్టకు ఊట బయట ఒకతావ కనపడతాది. నీళ్ళు దూరేది లోపల ఇంకోతావ. ఊరినకాడ మన్ను కొడితే ఏమొస్తాది? ఇంకో పక్క చీల్చుకొని వస్తాది. నీ బండికి ఆ తెల్ల బంక పూసినోడు చేసింది అదే."

ఆ తరవాత ఆయన అడిగిన ప్రశ్న అంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. "గుంత నిండిన నాడు బండి వాన్లో నిలబడి ఉండిందా, పోతా ఉండిందా?"

ఆలోచిస్తే, వానలో ఇంటి ముందు రాత్రంతా తడిసిన రోజుల్లో డిక్కీ పొడిగానే ఉంది. వాన వెలిసినా రోడ్ల మీద నీళ్ళు నిలిచి, రేణిగుంట దాకా పోయి వచ్చిన నాడే నిండింది. "అయితే పైనుంచి గాదు. చక్రం చిమ్మతా ఉంది" అని తేల్చాడు మామ.

అప్పుడు మొదలైంది అసలు పరీక్ష. వెనక సీటు పీకి వరండాలో పెట్టాం. కార్పెట్టు, అట్టలు, స్టెప్నీ అన్నీ తీసేస్తే డిక్కీ ఉత్త రేకుగా మిగిలింది. అతుకుల వెంబడి రంగుల జోలికి పోని తెల్ల ముగ్గుపిండి చల్లించాడు. పండగ ముగ్గులకు తెచ్చింది డబ్బా నిండా మిగిలే ఉంది. పొడి పిండి మీద ఒక్క చుక్క జారినా దాని దారి చారలా కనబడుతుంది. బీడింగు సరిగా ఆనుతోందో లేదో చూడటానికి పూజగదిలోంచి నామంగడ్డ తీసుకుని రబ్బరు మీద చుట్టూ గీశాడు. మూత వేసి తీస్తే అవతలి రేకు మీద ఆ తెలుపు తెగకుండా అచ్చుపడింది. అంటే బీడింగు బాగుంది. పాతది కూడా బాగానే ఉండి ఉంటుంది, దాని మీద నేను కట్టిన డబ్బుల గురించి ఆయన ఏమీ అనలేదు. కారు మాత్రం నామం పెట్టుకున్న భక్తుడిలా కళకళలాడింది.

మామ టార్చి పట్టుకుని డిక్కీలోకి ఎక్కి, ముడుచుకుని పడుకుని, మూత వేయమన్నాడు. అమెరికాలో 2001 సెప్టెంబరు నుంచి తయారయ్యే కార్ల డిక్కీల్లో లోపలివాళ్ళు తెరుచుకునేందుకు, చీకట్లో మెరిసే పిడి ఉండి తీరాలి. 1995లో దొంగలు భర్తతో సహా డిక్కీలో వేసి మూసేస్తే బతికి బయటపడ్డ జానెట్ ఫెన్నెల్ అనే ఆవిడ పట్టుబట్టి సాధించిన నిబంధన అది. మా బండికి ఆ పిడి లేదు. సీటు పీకేసి ఉంది కాబట్టి మామకు గాలీ, నాకు ధైర్యమూ ఆడాయి. నేను ట్యూబు పట్టుకుని చక్రం వెనక కింది నుంచి పైకి నీళ్ళు కొట్టడం మొదలుపెట్టాను. ట్యాంకరుకు ఫోన్లు చేసే వీధిలో కారు అడుగుకు నీళ్ళు కొట్టేవాణ్ణి జనం ఎలా చూస్తారో ఊహించుకోండి.

అది చాలదన్నట్టు మేముండేది శేషాచలం కింద. ఇక్కడ సీట్లు పీకేసిన కారు కనబడితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఎర్రచందనం. ఎదురింటి రిటైర్డు సారు గేటు దగ్గర పేపరు అడ్డం పెట్టుకుని అప్పటికే చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడు డిక్కీ లోపలి నుంచి కేక: "ఇంకా కిందికి! ఎడం పక్కకు! ఆ... వచ్చె, వచ్చె!"

సారు పేపరు మడిచి రోడ్డు దాటి వచ్చాడు. "లోపల ఎవరు?"

"మా మామ."

"ఎందుకున్నాడు?"

"నీళ్ళకు."

ఆ జవాబు ఎర్రచందనం కంటే అనుమానంగా వినబడింది కాబోలు, ఆయన ఫోను బయటికి తీశాడు. మూత తెరిచాను. మొహమంతా ముగ్గుపిండితో మామ లేచి కూర్చుని, ఇద్దరికీ కలిపి ఎడమ మూల చూపించాడు. తెల్లటి పిండిని చీల్చుకుంటూ బంపరు వెనక నుంచి ఒక చార, సన్నగా, తిన్నగా గుంతలోకి.

మర్నాడు ఆటోనగర్ కుర్రోడు బంపరు ఊడదీస్తే గుట్టు తెలిసింది. అద్దాలన్నీ ఎత్తి తలుపు వేసినప్పుడు లోపలి గాలి ఎటో ఒకటి పోవాలి కదా. అందుకని బంపరు చాటున అరచేయంత ప్లాస్టిక్ కిటికీ పెడతారు, దానికి పల్చటి రబ్బరు రెక్కలు. గాలి బయటికి పోతుంది, రెక్కలు వాలిపోతాయి. మా బండిలో రెక్కలు బాగానే ఉన్నాయి గానీ ఆ కిటికీ చట్రం చుట్టూ ఉండే స్పాంజి మొత్తం పొడయిపోయింది. వానలో చక్రం చిమ్మిన బురదనీళ్ళకు అది సింహద్వారం. మీద నుంచి ఎన్ని నీళ్ళు పోసినా తెలియనిది అందుకే.

కుర్రోడు ఉత్సాహంగా, "మొత్తం బంక పెట్టి మూసేద్దామా నా?" అన్నాడు.

మామ కసిరాడు. "అది మూస్తే తలుపు పడతాదా, అద్దాలకు ఆవిరి పట్టదా? చుట్టూ అతుకు ఎయ్యి. ముక్కు మూయాకు."

చట్రం కడిగి, తుడిచి, ఆరబెట్టి, చుట్టూ బ్యూటైల్ టేపు తిప్పి బిగించారు. టేపు ఖరీదు కంటే ఊడదీసేటప్పుడు విరిగిన బంపరు క్లిప్పుల ఖరీదు ఎక్కువైంది. పాత సిలికాన్ గీకడానికి అంతకంటే ఎక్కువ పట్టింది. మామ తన కూలికి అదే టెంకాయ, తాంబూలం చాలన్నాడు. నీళ్ళు పడకపోతేనే గదా రైతు డబ్బులు ఎగ్గొట్టేది, ఇక్కడ పడకుండా చేసినందుకు ఎంత తీసుకోవాలో ఆయనకు లెక్క తెలియలేదట.

ఊరికి బయల్దేరుతుంటే ఎదురింటి సారు తాళాలతో వచ్చాడు. ఆయన కారులో డ్రైవరు కాళ్ళ దగ్గర ఎప్పుడూ తడేనట. వాన లేకపోయినా తడేనట.

"ఏసీ ఏస్తేనా, ఎయ్యకుండానా?" అన్నాడు మామ, సంచి కింద పెడుతూ.

"అది... చూడలేదు పెద్దాయనా."

మామ నావైపు తిరిగాడు. "ఆ ముగ్గుపిండి డబ్బా తీసకరా."