ఒక్క అంకె కోసం గోదావరి ఈదినవాడు

భద్రాచలం దగ్గర గోదావరి ఇప్పుడు ఎన్ని అడుగులుంది? వరదలొచ్చాయంటే దుమ్ముగూడెం, చర్ల మొదలు 2014లో అవతలి రాష్ట్రంలో కలిసిన కూనవరం దాకా అందరూ అడిగేది ఇదే. జవాబు ఒక్క అంకె. 43 అయితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. కరకట్ట దగ్గర గేజి చూసినవాడు ఒక్క ముక్కలో చెప్పేస్తాడు.

అదే ప్రశ్న మన కోడింగ్ వీరుడికి వేసి చూడండి. 'ఫ్రేమ్‌వర్కులు చేతకానివాళ్లకండీ, నేను నేరుగా రా క్వెరీయే రాస్తా' అని మీసం దువ్వుతాడు. తీరా రాసేది సెలెక్ట్ స్టార్. వేర్ ఉండదు, లిమిట్ ఉండదు. ఏళ్ల తరబడి ఎక్కించిన రీడింగులన్నీ సర్వర్ నుంచి మోసుకొచ్చి, యారేలో పోసి, మొదటి వరుసలో మొదటి గడి లాగుతాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడమే. పైగా పట్టింది ఆ ఎలుకేనన్న నమ్మకం లేదు. ఆర్డర్ బై లేదు కాబట్టి ముందు ఏ వరుస వస్తుందో డేటాబేస్ ఇష్టం. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగులే వచ్చిందనుకోండి, మే నెలలో ఇసుక తిన్నెలు తేలిన వేళ యాప్ ఊరిని ముంచేస్తుంది.

స్టేషన్‌కీ గంటకీ వేర్ పెట్టించామే అనుకోండి, అసలు వినోదం ఈ గంట రీడింగే ఎక్కనప్పుడు. పైథాన్‌లో ఫెచ్‌వన్ 'నన్' అని చేతులెత్తేస్తుంది. దాని పక్కన కళ్లు మూసుకుని [0] తగిలిస్తే ప్రోగ్రామ్ అక్కడే కూలబడుతుంది. అది నయం, పోయిందని తెలుస్తుంది. పీహెచ్‌పీలో ఫెచ్‌కాలమ్ 'ఫాల్స్' ఇస్తే వీరుడు దాన్ని పూర్ణాంకంగా మార్చేస్తాడు. ఇంకేముంది, సున్నా! 2022 జులైలో 71.3 అడుగులకెక్కిందే, అలాంటి వరదలో రీడింగు అందని ఆ గంటలోనే తెర మీద గోదావరి నిలువునా ఎండిపోతుంది. ఎర్ర రంగు పోయి పచ్చ రంగు వస్తుంది. 'టెస్టింగ్‌లో బాగానే వచ్చిందండీ' అంటాడు. టెస్టింగ్ టేబుల్లో ఉన్నది ఒకే వరుస, రాక చస్తుందా?

కావలసిందల్లా ఒక్క కాలమ్, స్టేషన్‌కీ గంటకీ వేర్, సమయం తిరగేసి ఆర్డర్ బై, లిమిట్ 1. స్టేషన్ పేరు క్వెరీలో అతికించకుండా పారామీటర్‌గా పంపితే ఎవడూ కొటేషన్ గుర్తు కొట్టి టేబుల్ ఊడ్చుకుపోడు. ఆ తర్వాత వరుస వచ్చిందా, గడిలో నల్ ఉందా అని చూడండి. వరుస రాకపోయినా, నల్ ఉన్నా 'రీడింగ్ రాలేదు' అని రాయండి బాబూ. సున్నా చూసినవాళ్లు నిద్రపోతారు, రాలేదని చూసినవాళ్లు కనీసం కట్ట ఎక్కి చూసుకుంటారు.