ఇటలీ సార్

మా ప్లాంటులో నా వెనకాల నన్ను ‘ఇటలీ సార్’ అంటారు. నేను ఇటలీ పోయింది లేదు. పాస్‌పోర్టుంది గానీ అందులో ఒక్క ముద్రా లేదు. పాశమైలారంలో మందుబిళ్లల కంపెనీ, ప్యాకింగ్ సెక్షన్‌లో ప్లానింగ్ నా ఉద్యోగం. మా బ్లిస్టర్ మెషీను ఇటలీది. బొలోనా చుట్టుపక్కల ఊళ్లు ప్యాకింగ్ యంత్రాలకు పెట్టింది పేరు. మెషీను మీదున్న ఊరి పేరును ఒకనాడు ఫోన్‌లో వెతికాను. అక్కణ్నుంచి అలా అలా సియెనాకు చేరాను, ఇంక తిరిగి రాలేదు.

క్యాంటీన్‌లో ఎవరు దొరికితే వాళ్లకు సియెనా పురాణం విప్పేవాణ్ణి. అక్కడి గుర్రప్పందెం పేరు పాలియో. ఏటా జూలై 2న ఒకటి, ఆగస్టు 16న ఇంకొకటి. ఊళ్లో 17 బస్తీలుంటే పందేనికి పదే దిగుతాయి. ఏ బస్తీకి ఏ గుర్రమో చీటీలు తేలుస్తాయి. నడిబొడ్డున ఉన్న చౌకు చుట్టూ మట్టి పరుస్తారు. జీను లేని గుర్రాల మీద మూడు చుట్లు, మొత్తం కలిపి నిమిషన్నర లోపే. రౌతు కిందపడ్డా సరే, గుర్రం ఒక్కటే ముందొచ్చినా ఆ బస్తీ గెలిచినట్టే. బహుమానం డబ్బు కాదు, బొమ్మ వేసిన పట్టు జెండా. పందేనికి ముందు గుర్రాన్ని బస్తీ చర్చిలోకి తోలుకుపోయి ఫాదర్‌తో దీవెన ఇప్పిస్తారు. గెలిస్తే వీధిలో బల్లలు వేసి చేసుకునే విందులో గుర్రమే ముఖ్య అతిథి, దానికి దాణా తొట్టి వేరే పెడతారు.

మా సెక్షన్‌లో పనిచేసే ఇస్నాపూర్ అక్క ఇదంతా నోరు తెరుచుకుని విని ఒక్కటే అడిగింది. “మరి ఆ దినాలల్ల ఆళ్లు డ్యూటీలకు పోరా సార్?”

అందరం నవ్వాం. గట్టిగా నవ్వింది నేనే.

తర్వాత ఆషాఢం వచ్చింది. ఆ అక్కే నా టేబుల్ దగ్గరికొచ్చింది. “సార్, ఆయితారం మా ఊర్లె బోనాలు. సోమవారం గూడ రాను. ఆడబిడ్డలొస్తున్నరు.”

అవతల డిస్పాచ్ నెత్తి మీదుంది. “ఒక్క పూట బోనం ఎత్తడానికి రెండ్రోజులెందుకమ్మా?” అన్నాను.

“పూట పనా సార్ అది? కొత్త కుండ తేవాలె, పసుపు కుంకుమ పెట్టాలె, యాపకొమ్మలు కట్టాలె. పాలు బెల్లం వోసి బువ్వ వండాలె, పైన దీపం పెట్టాలె. డప్పుల ఎంబడి నెత్తిన వెట్టుకోని నడిస్తే గుడికాడికి ఎప్పుడు చేరుతమో ఎవలకెరుక? తెల్లారి ఫలారం బండి.”

లీవు రాయలేదు. ఆమె రానూ లేదు. రిజిస్టర్‌లో గైర్హాజరు వేశాను.

అదే సోమవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో వెనిస్ కథ ఎత్తుకున్నాను. 1575 నుంచి 1577 దాకా ప్లేగు ఆ ఊళ్లో వేల ప్రాణాలు తీసింది. పీడ విరగడైతే గుడి కట్టిస్తామని పాలకులు మొక్కుకున్నారు, పల్లాదియో అనే మహా వాస్తుశిల్పి చేత కట్టించారు. ఇప్పటికీ జూలై మూడో ఆదివారానికి నీళ్ల మీద తేలే వంతెన వేసి, జనం ఆ గుడికి నడిచిపోతారు. ‘రెదెంతోరె’ అంటారు దాన్ని. ఎంత గొప్ప భక్తి, ఎంత సంస్కృతి అని నేను చేతులు తిప్పుతుంటే, ఎదురుగా అన్నం కలుపుకుంటున్న ఎలక్ట్రీషియన్ తలెత్తకుండానే అన్నాడు. “మన లష్కర్ బోనాలు గూడ గంతేగద సార్. 1813ల కలరా వస్తే, పల్టన్ల పనిచేసే సురిటి అప్పయ్య ఉజ్జయినిల మొక్కుకున్నడంట. తగ్గినంక సికింద్రాబాద్‌ల మాంకాళమ్మను నిలవెట్టిండు.”

“అది వేరులే” అన్నాను. ఏం వేరో ఇప్పటికీ చెప్పలేను.

ఆగస్టు రెండో వారంలో మెషీన్ డ్రైవు కాలిపోయింది. స్టోర్‌లో స్పేర్ లేదు. జూన్‌లోనే పెట్టాల్సిన ఆర్డర్‌ని చూద్దాంలే అని పక్కన పెట్టింది నేనే. ఇటలీకి మెయిల్ కొట్టాను. నిమిషంలో ఇటాలియన్‌లో జవాబొచ్చింది. “చూశారా, వాళ్ల చురుకు!” అంటూ దాన్ని మేనేజర్‌కు పంపాను. కుర్ర ట్రైనీ ఒకడు ఫోన్‌లో దాన్ని తెలుగులోకి తిప్పి పైకి చదివాడు. సెలవుల్లో ఉన్నాం, నెలాఖరుకు ఆఫీసు తెరుస్తాం అని ఉంది.

అప్పుడు తెలిసింది. క్రీ.పూ. 18లో అగస్టస్ చక్రవర్తి మొదలుపెట్టిన సెలవు, తర్వాత మేరీమాత స్వర్గారోహణ పండుగతో కలిసి ఆగస్టు 15న స్థిరపడింది. దాన్ని ఆనుకుని ఇటలీలో చాలా ఫ్యాక్టరీలు వారాల తరబడి తాళాలు వేస్తాయి. ‘ఫెర్రాగోస్తో’ అంటారు. జనం సముద్రాలకు, కొండలకు పోతారు. సియెనా రెండో పందెం ఆ మేరీమాత పేరుమీదే, ఆ మర్నాడే. తేదీ నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. ఆ తేదీ చుట్టూ నా స్పేరు పంపాల్సిన మనిషి కూడా ఉంటాడని మాత్రం తట్టలేదు. ఇస్నాపూర్ అక్కకు విన్న వెంటనే తట్టింది. పంద్రాగస్టు నాడు జెండా ఎగరేశాక, చేతిలో లడ్డూతో ఆగిపోయిన మెషీను పక్కన నిలబడ్డాను.

నా తెలివితక్కువతనమంతా కంప్యూటర్‌లో రెండు ఫైళ్లుగా ఉంది. ఒకదాని పేరు ‘చూడాల్సిన పండుగలు’, అందులో ఉన్నవన్నీ ఇటలీవి. రెండోదాని పేరు ‘మ్యాన్‌పవర్ షార్టేజీ’. ఛఠ్‌కు బీహార్ పిల్లలు, రథయాత్రకు ఒడిశా వాళ్లు, సంక్రాంతికి ఆంధ్రా వాళ్లు, బోనాలకూ దసరాకూ మనవాళ్లు ఎంతమంది రారో అందులో ఉంటుంది. ఇక్కడ దేశంలో సగం పండుగలు నా చేతి మీదుగానే పోతున్నా, వాటిని నేను చూసింది తలల లెక్కగానే.

ఇప్పుడు ఎవరైనా ఇటలీ గురించి అడిగితే పనికొచ్చే సంగతులే చెబుతున్నాను. పాలియో చూడాలంటే చౌకు మధ్యలో నిలబడటానికి టికెట్ లేదు. కానీ ఎండలో గంటల తరబడి నిలబడాలి, నీళ్లసీసా, టోపీ మరవొద్దు. మెషీను ఇటలీదైతే స్పేర్లు జూన్‌లోనే తెప్పించుకోండి. ఆషాఢంలో ఎవరైనా సోమవారం కూడా లీవు అడిగితే, ఎందుకని అడక్కుండా సంతకం పెట్టండి.