దుర్గం చెరువులో మా బావగారి కారు

మా బావగారి కారులో దారి చెప్పేవాళ్లు ముగ్గురు. డాష్‌బోర్డు మధ్యలో కంపెనీవాళ్లే బిగించిన తెర ఒకటి. అద్దానికి రబ్బరు కప్పుతో అతుక్కున్న పాత జీపీఎస్ డబ్బా ఇంకొకటి. వెనక సీట్లో మా మేనల్లుడి చేతిలో ఫోను మూడోది. మా అక్కని కూడా లెక్కేస్తే నలుగురవుతారు గానీ, ఆవిడ దారి చెప్పదు. ఇది దారి కాదని మాత్రం చెబుతుంది.

ముగ్గురూ చూసేది ఒకే ఆకాశం. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సిగ్నల్ అందితే గానీ మనమెక్కడున్నామో తేలదు. అంతవరకూ ముగ్గురి లెక్కా ఒకటే. అక్కణ్ణుంచి ముగ్గురివీ మూడు దారులు.

ముందు కారు తెర సంగతి. 2018లో బావగారు ఆ కారు కొంటున్నప్పుడు నావిగేషన్ ఉన్న టాప్ మోడలే కావాలని పట్టుబట్టారు. కింది మోడలుకీ దానికీ తేడా లక్ష పైచిలుకు.

"ఫోన్లో ఫ్రీగా వస్తోంది కదా బావగారూ" అన్నాను.

"ఫ్రీగా వచ్చే సలహాలు మా ఆఫీసులోనే బోలెడున్నాయోయ్" అన్నారు.

అప్పట్నుంచీ ఆ తెర ఏం చెప్పినా ఆయన చెవికి లక్ష రూపాయల గొంతులోనే వినిపిస్తుంది. అది తాడేపల్లిగూడేన్ని నాలుగు ముక్కలు చేసి ఏ ముక్కా తెలుగు కాకుండా పలికినా సరే, ఆయన గౌరవంగా తలూపుతారు.

2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి తెరిచారు. కారులోని మ్యాపు 2018 దగ్గరే ఆగిపోయి ఉంది. ఓ రాత్రి జూబ్లీహిల్స్ వైపు నుంచి బ్రిడ్జి ఎక్కామో లేదో, తెర మీద బాణం గుర్తు రోడ్డు వదిలేసి నీలం రంగులోకి దిగింది. కిటికీలోంచి చూస్తే రంగురంగుల దీపాలు, సెల్ఫీలు తీసుకునే జనం. తెరలో చూస్తే మేం చెరువు నడిమధ్యన. "వీలైన చోట యూ టర్న్ తీసుకోండి" అంది లోపలి ఆవిడ, నీళ్లలో ఉన్నామన్న కంగారు ఏ కోశానా లేకుండా. అక్క తనకి తెలియకుండానే కాళ్లు పైకి పెట్టుకుంది.

బావగారు తొణకలేదు, బెణకలేదు. "దాని తప్పేం లేదు. బ్రిడ్జి కొత్తది" అన్నారు.

కొత్త మ్యాపు వేయించుకోవచ్చు. సర్వీసు సెంటర్లో అడిగితే, వాళ్లు చెప్పిన ధరకి ఓ మాదిరి ఫోనే వచ్చేస్తుంది. అందుకని కారు ఉన్నన్నాళ్లూ పాత లోకంలోనే తిరిగింది. 2022 ఏప్రిల్లో ఆంధ్రలో 13 జిల్లాలు 26 అయ్యాయి, విజయవాడ బెంజ్ సర్కిల్లో ఫ్లైఓవర్లు లేచాయి. ఆ తెరకి ఇవేవీ పట్టలేదు. మన పేపర్ల లెక్కనే అది కూడా ఉమ్మడి జిల్లాల్లోనే కాపురం ఉండిపోయింది.

నా గొడవంతా ఇక్కడే. కారు పదిహేనేళ్లు ఉండే వస్తువు. మ్యాపు ఒక వానాకాలం దాటితే పాతబడే వస్తువు. రెంటినీ కలిపి అమ్మడమంటే స్టీలు బీరువాలో తోటకూర కట్ట పెట్టి, తలుపు వెల్డింగు చేసి ఇచ్చినట్టు. బీరువాకి ఏమీ కాదు.

ఈ తిరకాసు పుట్టుకతోనే ఉంది. 1981లో జపాన్‌లో హోండావాళ్లు ఎలక్ట్రో గైరోకేటర్ అని ఒకటి కారులో పెట్టారు. దానికి ఉపగ్రహాలతో పనే లేదు. కారు ఎటు తిరిగిందో గైరోస్కోపు చెబితే, ఎంత దూరం వచ్చామో చక్రాలు చెప్పేవి. తెర ముందు మ్యాపు అచ్చేసిన పల్చటి షీటు పెట్టుకోవాలి, అది దాటి పోతే ఇంకో షీటు మార్చుకోవాలి. 1985లో అమెరికాలో ఈటాక్ అనే కంపెనీ మ్యాపుల్ని క్యాసెట్లలో పెట్టి అమ్మింది. మన కార్లలో ఘంటసాల తిరుగుతున్న రోజుల్లో వాళ్ల కార్లలో కాలిఫోర్నియా వీధులు తిరిగాయన్నమాట. జీపీఎస్‌తో పనిచేసే తెర 1990లో మాజ్డావాళ్ల యూనోస్ కాస్మోతో వచ్చింది.

అలాగని కారు తెరని మరీ తీసిపారేయను. చక్రాలెంత తిరిగాయో కారుకి తెలుసు కాబట్టి, సొరంగంలో ఉపగ్రహం అందకపోయినా లెక్కగట్టుకుంటూ బాణాన్ని నడిపించేస్తుంది. అడవిలో అయితే దాని దర్జాయే వేరు. శ్రీశైలం వెళ్తూ మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమలలోకి దిగాక మా మేనల్లుడు ఫోను పైకెత్తి, "నెట్ లేదు మావయ్యా, జీపీఎస్ పోయింది" అన్నాడు. పోయింది జీపీఎస్ కాదు. ఉపగ్రహం ఎవర్నీ డేటా ప్యాక్ అడగదు. వాడి తెర మీద నీలం చుక్క బుద్ధిగా కదులుతూనే ఉంది, దాని కింద ఉండాల్సిన రోడ్లే లేవు. ఇంట్లో వైఫై ఉండగానే ఆఫ్‌లైన్ మ్యాపు దించుకుని ఉంటే ఆ తిప్పలు వచ్చేవి కావు. కారు తెర మాత్రం ప్రతి మలుపూ ముందే చెప్పింది. నల్లమల మలుపులు 2018 నుంచి మారలేదు మరి. ఆ పూటంతా బావగారు ఒక్క మాటా అనలేదు. మలుపు వచ్చినప్పుడల్లా తెర వైపు ఓసారి, అద్దంలోంచి నా వైపు ఓసారి చూశారు, అంతే.

ఇక అద్దం మీది డబ్బా. అది డల్లాస్‌లో ఉండే మా పిన్ని కొడుకు నాకిచ్చిన బహుమతి. నేను బావగారికి సమర్పించుకున్నాను. అమెరికావాళ్లు 2000 మే 1 దాకా మామూలు జనానికి వదిలే జీపీఎస్ సిగ్నల్‌ని కావాలనే చెడగొట్టి వదిలేవారు. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ లెక్కన అమీర్‌పేటలో ఏ కోచింగ్ సెంటర్లో ఉన్నామో కూడా తేలదు. క్లింటన్ ప్రభుత్వం ఆ మెలిక తీసేశాక గార్మిన్, టామ్‌టామ్ డబ్బాలు అక్కడ ప్రతి కారులోనూ వెలిశాయి. 2009 అక్టోబరులో గూగుల్ ఫోన్లోనే మలుపు మలుపుకీ దారి చెప్పడం ఉచితం చేసేసింది. ఆ రోజే ఆ రెండు కంపెనీల షేర్లూ దబ్బున పడ్డాయి. మావాడికి నా మీద హఠాత్తుగా ప్రేమ పొంగింది ఆ తర్వాతే.

అందులో ఉన్నవన్నీ అమెరికా మ్యాపులే. కూకట్‌పల్లిలో ఆన్ చేస్తే చుట్టూ ఖాళీ మైదానం, పెట్రోలు బంకు ఎక్కడంటే టెక్సాస్‌లో. ఇండియా మ్యాపు కార్డు కొని వేశాక కాస్త దారికొచ్చింది. నెలల తరబడి మూలపడేసి తీస్తే మాత్రం, ఏ ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే పట్టిక మొత్తం ఆకాశంలోంచి దించుకోవడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఫోను ఆ వివరాలన్నీ నెట్‌లో క్షణాల్లో లాగేసుకుంటుంది. పైగా ఎండాకాలంలో రబ్బరు కప్పు మెత్తబడి, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా డబ్బా వచ్చి బావగారి ఒళ్లో కూర్చుంటుంది. ఒక్క సుగుణం ఉంది. దానికి పర్సనల్ లోన్ కావాలా అని ఎవరూ ఫోన్ చెయ్యరు.

సరిగ్గా రెండు రోడ్లు చీలే చోట ఆ లోన్ కాల్ వచ్చేది మేనల్లుడి ఫోనుకి. అయినా నా ఓటు దానికే. ట్రాఫిక్ ఎర్రగీతలు ఉపగ్రహం గీసేవి కావు. ఆ రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోతున్న ఫోన్లని బట్టి గీసేవి. 2020లో బెర్లిన్‌లో సైమన్ వెకర్ట్ అనే కళాకారుడు 99 ఫోన్లు చిన్న బండిలో వేసుకుని ఖాళీ వీధిలో తాపీగా లాక్కెళ్తే, మ్యాపులో ఆ వీధంతా ఎర్రబడిపోయింది. లోకం నోరెళ్లబెట్టింది. మన దగ్గర ఒక్క బరాత్ వీధిలోకి దిగితే అంతకు రెట్టింపు ఫోన్లు నాగిని డ్యాన్సు చేస్తాయి. కాకపోతే మన దగ్గర వీధి కూడా నిజంగానే ఆగిపోతుంది.

ఫోనుకి తెలియనిది ఎత్తు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద పోతుంటే, "ఎడమకి తిరగండి" అంటుంది. ఎడమవైపు పిట్టగోడ, దాని కింద అత్తాపూర్. పైన ఉన్నామో కింద ఉన్నామో దానికి సరిగా తేలదు. ఫ్లైఓవర్ ఎక్కాలా వద్దా అని గూగుల్ ముందే చెప్పడం 2024లో మొదలుపెట్టింది. అత్తాపూర్ వాళ్లు అంతదాకా ఆగలేదు. ఫలానా నంబరు పిల్లరు ఎదురుగా అని ఎప్పుడో అడ్రసులు రాసేసుకున్నారు.

ముగ్గురూ కలిసి పనిచేసిన రోజు ఒకటుంది. కోనసీమ వైపు రామచంద్రాపురంలో గృహప్రవేశం. మేనల్లుడు ఊరి పేరు కొట్టగానే ఫోను, "నలభై నిమిషాలు" అంది. అది చూపించేది బీహెచ్‌ఈఎల్ పక్కనున్న రామచంద్రాపురం. 2009లో ఇటలీలో ఒక స్వీడన్ జంటకి ఇదే అయింది. క్యాప్రి అనే దీవికి బయల్దేరి, రెండక్షరాలు తారుమారై కార్పి అనే ఊరు చేరారు. రెంటికీ మధ్య 650 కిలోమీటర్లు. టూరిస్టు ఆఫీసుకెళ్లి నీలి గుహ ఎక్కడని అడిగారట. దీవికొచ్చాం కదా, సముద్రం దాటలేదేమిటని వాళ్లకి తట్టనేలేదు. ఇది విని అక్క, "మనం గోదావరి దాటేదాకా నన్ను పడుకోనివ్వకండి" అంది.

రావులపాలెం దగ్గర గోదావరి దాటాం. అక్క పడుకుంది. మండపేట దాటాక ఫోను, "నాలుగు నిమిషాలు తక్కువ" అంటూ కాలవగట్టు ఎక్కించింది. కారు తెర, డబ్బా రెండూ ఒక్క గొంతుతో వద్దన్నాయి. ఆ గట్టు వాటి మ్యాపులో లేదు, అంతేగానీ వాటి తెలివేమీ కాదు. అరకిలోమీటరు పోయాక ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు. ఒకపక్క కాలవ, ఇంకోపక్క చేను. ట్రాక్టరతను దిగొచ్చి, తలపాగా విప్పి మొహం తుడుచుకుని, "ఫోను చూసొచ్చేసేరాండీ?" అన్నాడు.

"ఆయ్" అన్నాను.

"ఈ వారం మీది మూడో బండండీ. ఎనక్కి రానియ్యండి, నే సెప్తాను" అని, రెండు చేతులూ ఊపుతూ బావగారిని గట్టు చివరిదాకా వెనక్కి నడిపించాడు. ఆయన చెప్పిన దారిలోనే ఊరు చేరాం. అలాగని జనాన్ని అడగడమే మేలని అనను. మండపేటలో బడ్డీకొట్టు దగ్గర అడిగితే ఇద్దరు మనుషులు రెండు వైపులకి చెయ్యి చూపించారు. తెలీదనడం మర్యాద కాదని మనవాళ్ల నమ్మకం.

ఈమధ్య బావగారు కారు మార్చారు. పెద్ద తెర. మేనల్లుడు ఆయన ఫోనుకి కేబుల్ పెట్టి ఆండ్రాయిడ్ ఆటో కలిపేశాడు. ఫోన్లోని మ్యాపే కారు తెర మీద పడుతుంది. 2023లో జనరల్ మోటార్స్ వాళ్లు, ఇకమీద మా ఎలక్ట్రిక్ కార్లలో ఇలా ఫోను తగిలించే ఏర్పాటు ఉండదు, మా నావిగేషనే వాడుకోండి అన్నారు. వాళ్ల బోర్డులో బావగారి మనిషెవరో ఉన్నట్టున్నారు.

మొన్న ఓఆర్ఆర్ ఎక్కితే, తెర ఎగ్జిట్ నంబరు ముందే చెప్పింది, ట్రాఫిక్ చెప్పింది, గచ్చిబౌలిలో ఏ లేన్లో ఉండాలో కూడా చెప్పింది. బావగారు స్టీరింగు మీద చెయ్యి తట్టి, "చూశావుటోయ్! ఏడేళ్లలో ఎంత మెరుగుపరిచారో. డబ్బు పెట్టి కొన్నదానికీ ఫ్రీగా వచ్చేదానికీ తేడా ఇదీ" అన్నారు.

మేనల్లుడు నోరు తెరవబోయాడు. అక్క వాడి తొడ మీద గిల్లింది.