నౌకా గడియారాలతో గృహాలంకరణ: సంగ్రాహకులకు కొన్ని సూచనలు

పురాతన నౌకా గడియారాలను ఇంట్లో సేకరించదలచిన గృహస్థుడికి ఉండవలసిన మొదటి అర్హత సముద్రంతో ఏ సంబంధమూ లేకపోవడం. ఓడ నడిపినవాడు గడియారాన్ని పనిముట్టుగానే చూస్తాడు గాని, సోఫా వెనుక గోడకు ఏ రంగు వేస్తే దాని ఇత్తడి బాగా మెరుస్తుందో ఆలోచించడు. రెండవ అర్హత టైము చూసుకోవలసిన అవసరం లేకపోవడం, దానిని సెల్‌ఫోను ఇప్పటికే అందరికీ సమకూర్చిపెట్టింది.

అతిథులకు అప్పజెప్పడానికి కొంత చరిత్రను కంఠస్థం చేయక తప్పదు. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కనుక నాలుగు నిమిషాల కాలభేదం ఒక డిగ్రీ రేఖాంశానికి, అంటే తూర్పు పడమరలుగా భూగోళాన్ని కొలిచే కొలతలో ఒక డిగ్రీకి, సమానమవుతుంది. బయలుదేరిన రేవులోని వేళను తప్పకుండా చూపే గడియారం ఓడలో ఉంటే, సూర్యుణ్ణి చూసి స్థానిక వేళను లెక్కగట్టి, రెండింటి తేడాతో ఓడ ఎక్కడుందో తేల్చవచ్చు. భూమధ్యరేఖ దగ్గర నాలుగు సెకన్లు తప్పితే సుమారు 1.85 కిలోమీటర్ల దూరం తప్పుతుంది. 1707లో నాలుగు బ్రిటిష్ యుద్ధనౌకలు సిల్లీ దీవుల రాళ్లకు కొట్టుకుని మునిగాక సముద్రంలో రేఖాంశం తేల్చడమెలాగన్న చర్చ ముదిరి, 1714లో బ్రిటిష్ పార్లమెంటు రేఖాంశాన్ని అర డిగ్రీ లోపు కనిపెట్టే విధానానికి 20,000 పౌండ్ల బహుమతి ప్రకటించింది. వడ్రంగి కొడుకైన జాన్ హారిసన్ 1759లో ముగించిన నాలుగో యంత్రం, 13 సెంటీమీటర్ల వెడల్పున్న పెద్ద జేబుగడియారం వంటిది, 1761లో జమైకాకు బయలుదేరిన ఓడలో ప్రయాణించి, దాని దినసరి తేడాను సవరించి లెక్కిస్తే, 81 రోజులకు కేవలం 5 సెకన్లు వెనుకబడింది. అధికారుల కొర్రీలు తీరి, మిగిలిన సొమ్ము పార్లమెంటు జోక్యంతో ఆయన చేతికి అందేసరికి 1773 వచ్చింది, ఆయనకు ఎనభై ఏళ్లు నిండాయి. బిల్లులు మంజూరయ్యే వేగం విషయంలో దేశాల మధ్య పెద్ద భేదం ఉన్నట్టు తోచదు. ఇన్ని ప్రాణాలు పోయి, ఒక మనిషి జీవితకాలం ఖర్చయి సాధించిన ఈ కచ్చితత్వాన్ని, కనీసం పాలవాడు వచ్చే వేళను కూడా నిర్ణయించని షోకేసు వస్తువుగా మార్చడంలోనే సంగ్రాహకుని ఘనత ఉంది.

కొనుగోలులో ఫలకం మీది రాతను నమ్మడమే ఉత్తమ మార్గం. మన దేశపు ఇత్తడి కార్ఖానాల నుండి వెలువడే సరుకులో ‘కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917’ అని చెక్కినవి తరచుగా కనిపిస్తాయి. ఆ రెండు సంస్థలు కలిసి ఆ జంట పేరు పుట్టినది 1947లో కనుక, పుట్టుకకు ముప్పయ్యేళ్ల ముందే పని మొదలుపెట్టిన గడియారం ఎంతటి అరుదైనదో వేరే చెప్పనక్కరలేదు. మరలు కొత్తగా మెరుస్తుంటే, విప్పి చూస్తే లోపల బ్యాటరీ దర్శనమిస్తే, నౌకాదళం కాలానికి ముందుండేదని సమాధానపడాలి.

ఒకవేళ దురదృష్టవశాత్తూ నిజమైన నౌకా గడియారమే, అంటే క్రోనోమీటరే, దొరికితే సంరక్షణలో కొన్ని మెలకువలు పాటించాలి. ఓడ ఎటు ఒరిగినా యంత్రం సమతలంగా ఉండేందుకు దానిని పెట్టెలో గింబల్స్ అనే ఇత్తడి కడియాల మధ్య వేలాడదీస్తారు. ఇంటి నేల ఒరగదు గనుక చుట్టాల పిల్లలకు ఆ కడియాలను ఉయ్యాలగా అప్పగించడం ధర్మం. లోపలి చక్రాన్ని ఒక్కొక్క పంటి చొప్పున విడిచిపెట్టే సున్నితమైన అడ్డుకమ్మి, దీనినే డిటెంట్ అంటారు, కుదుపుకు దెబ్బతినే స్వభావం కలది, కాబట్టి పిల్లల ఉత్సాహం ఎంతసేపు సాగితే అంత మంచిది. రెండు రోజులు నడిచే రకానికి ఓడల్లో ప్రతిదినం ఒకే వేళకు, ఫలకాన్ని బోర్లించి, కింది రంధ్రంలో తాళంచెవి పెట్టి కీ ఇచ్చేవారు. ఇంట్లో ఆ పనిని దీపావళికి ఒకసారి చేస్తే చాలు. వెండిపూత ఉన్న ఫలకాన్ని చింతపండుతో గట్టిగా తోమితే ముందు నలుపు పోతుంది, తరువాత పూత పోతుంది, చివరికి కింది ఇత్తడి బయటపడి పూజగదిలోని హారతిపళ్లెంతో సమానంగా వెలుగుతుంది. ఆ వెలుగులో తయారీదారు పేరు కనిపించకపోయినా విచారించరాదు.

గడియారాన్ని ఏ వేళకు పెట్టాలన్నది తరువాతి ప్రశ్న. బ్రిటిష్ ఓడల్లో క్రోనోమీటరు గ్రీనిచ్ వేళనే చూపేది. భారత ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడ దరిదాపుల్లోనే సాగుతుంది గనుక తేడా అయిదున్నర గంటలు. సంప్రదాయాన్ని గౌరవించే గృహస్థుడి ఇంట మధ్యాహ్న భోజనపు పన్నెండు గంటలకు ముళ్లు ఉదయం ఆరున్నర చూపుతాయి. ఆఫీసుకు ఆలస్యమైనవారికి ఇంతకంటే ఊరట కలిగించే యంత్రం లేదు.

నౌకలతో తృప్తి చెందనివారు ఫ్రెంచి ఆర్మొలూ గడియారాలకు, అంటే బంగారాన్ని పాదరసంలో కలిపి కంచుబొమ్మలకు పూసి, నిప్పు మీద పాదరసాన్ని ఆవిరి చేసి పూత నిలిపినవాటికి, మళ్లవచ్చు. ఆ ఆవిరి పీల్చిన పూతపనివారి ఆరోగ్యం ఏమైందో డ్రాయింగురూములో ప్రస్తావించడం మర్యాద కాదు. చవకగా కావాలంటే జింకు మిశ్రమంతో పోతపోసిన నకళ్లున్నాయి. కింద పడితే విరిగే గుణం వల్ల అవి సులభంగా గుర్తుపట్టబడతాయి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టడానికి బయటికి వచ్చే గడ్డపు బొమ్మను చూడడానికి జనం ముందే చేరి కూర్చుంటారు, వారిలో టైము కోసం వచ్చినవారు మాత్రం ఒక్కరూ ఉండరు. ఇంటి సంగ్రాహకుడు అందుకోవలసిన ఆదర్శం అదే.

చివరిది ఓడగంట గడియారం. ఇది గంటల లెక్కన కాక, నాలుగు గంటల కాపలా వంతును అరగంటలుగా పంచి, ఒక్కో అరగంటకు ఒక్కో దెబ్బ పెంచుతూ, ఎనిమిది దెబ్బలకు మళ్లీ మొదటికి వస్తుంది. అందువల్ల ఉదయం తొమ్మిదికి రెండు, రాత్రి పదికి నాలుగు, అర్ధరాత్రికి ఎనిమిది మోగుతాయి. అతిథి అర్థం చేసుకునేలోపు ఇంకో అరగంట గడిచి లెక్క మారుతుంది. చాలా నమూనాల్లో మోతను ఆపే చిన్న మీట ఒకటి ఉంటుంది; దాని ఉనికిని ఇంట్లోవారికి తెలియనివ్వకూడదు.